లింకు సరుకు వద్దన్నందుకు లోడు ఆపారు. నేను బాకీ ఆపవచ్చా?

ప్రశ్న (హాలియా, ఎరువుల డీలర్)
సాగర్ ఎడమ కాలువ కింద పదకొండేళ్లుగా ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. గత వానాకాలంలో ఒక కంపెనీ ఏరియా మేనేజర్ యూరియా లోడు కావాలంటే లింకుగా జింకు, నానో ఎరువుల సీసాలు కూడా దించుకోవాలని పట్టుబట్టగా, 266.50 రూపాయల బస్తా కోసం వచ్చిన రైతుకు అవన్నీ అంటగట్టలేనని చెప్పాను. నాట్లు ముమ్మరంగా సాగిన మూడు వారాలూ నాకు లోడు రాలేదు. అమ్మకాల స్కీము కింద కంపెనీ నా ఖాతాలో జమ చేయాల్సిన సొమ్ము తాలూకు క్రెడిట్ నోటు ఆగింది, పక్క ఊళ్లో మరొకరికి డీలర్‌షిప్ ఇచ్చారు. అన్నిటికీ కాగితం మీద వేరే కారణాలే ఉన్నాయి. పురుగుమందుల కింద వారికి నేను కట్టవలసిన సొమ్ము ఆపివేస్తే తప్పా?

జవాబు (నల్లగొండ, న్యాయవాది)
ఆపకండి. డీలర్‌షిప్ తీసుకున్ననాడు మీరు ఖాళీ చెక్కులు ఇచ్చే ఉంటారు. భద్రత కోసం ఇచ్చిన చెక్కైనా, బ్యాంకులో వేసేనాటికి బాకీ ఉండి అది తిరిగివస్తే, నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే చెక్కులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద మీరే ముద్దాయి అవుతారు. ఒక సరుకుకు మరొకటి ముడిపెట్టడం 2002 నాటి పోటీ చట్టం సెక్షన్ 3(4) పరిధిలోకి వస్తుంది గాని, దానివల్ల పోటీకి గణనీయమైన నష్టం కలిగిందని తేలాలి. ఒక్క దుకాణదారు ఢిల్లీలోని పోటీ కమిషన్ దాకా ఆ పోరాటం మోయలేడు. లింకు అడిగిన వాట్సాప్ సందేశాలు దాచి, జిల్లా వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

జవాబు (జడ్చర్ల, డీలర్)
ఫిర్యాదు ఇచ్చాక ‘ఓ’ ఫారం (ఎరువు సరఫరా చేస్తామని కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం) రెన్యువల్‌కు ఆ కంపెనీ దగ్గరికే వెళ్లాలన్న సంగతి వకీలు గారు మరిచినట్లున్నారు. నేను ఒకసారి గొడవ పడకుండా, ఒక కంపెనీ పత్తి మందు అడిగినవారికల్లా మరొకటి చూపించాను. రెండు సీజన్లకు మేనేజరే నా కౌంటరు ముందుకు వచ్చాడు. అయితే నేనిచ్చిన మందు పనిచేయని రైతు కూడా అదే కౌంటరు ముందుకు వచ్చాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

జవాబు (మిర్యాలగూడ, విశ్రాంత సేల్స్ ఉద్యోగి)
ఒకరి మీద మనకున్న అధికారం వారు మన మీద ఎంత ఆధారపడ్డారో అంతేనని ఎమర్సన్ అనే సామాజికశాస్త్రవేత్త 1962లోనే రాశాడు. కంపెనీలో మేము డీలర్‌ను దండించే ముందు చూసింది కూడా అదే: అతని అమ్మకాల్లో మా వాటా సగం దాటితే లోడు ఆపేవాళ్లం, పావు లోపైతే బతిమాలేవాళ్లం. మరొకటి, మీ తగవు కంపెనీతోనా, మేనేజర్‌తోనా? మేనేజర్లు బదిలీ అవుతారు, మీ ఉద్దెర ఖాతాలోని రైతులు ఎక్కడికీ పోరు.

ప్రశ్నించినవారు
లెక్క తీశాను. మందుల అమ్మకంలో వారి వాటా అరవై శాతం ఉంది. ఈ నెలలోనే బాకీ కట్టి, క్రెడిట్ నోటు కోసం రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపి, యాసంగికి ఇంకో రెండు కంపెనీల నుంచి వారి మందులు అమ్మేందుకు అనుమతించే ప్రిన్సిపల్ సర్టిఫికెట్లు తెచ్చుకుంటాను.