మ్యాచ్‌లో ఆడిన బ్యాటు, బంతి మీద సంతకం పెట్టించాలా, వద్దా?

ఉప్పల్ ఈస్ట్‌స్టాండ్:
ఒక రంజీ ఆల్‌రౌండర్ మ్యాచ్‌లో వాడిన బ్యాటు, బ్యాటింగ్ గ్లవ్స్, తెల్ల చొక్కా, అదే మ్యాచ్‌లో అతను అయిదు వికెట్లు తీసిన ఎర్ర ఎస్‌జీ కంపెనీ బంతి నా దగ్గరున్నాయి. అన్నీ నేరుగా అతని చేతి నుంచి వచ్చినవే. బ్యాటు ముందువైపు బంతి తగిలిన ఎర్ర మచ్చలు బాగా ఉన్నాయి, టో (బ్యాటు కింది కొస) దగ్గర సన్నటి చీలిక ఉంది. వచ్చే నెల అతను ఉప్పల్ వస్తున్నాడు, కలవడం ఖాయం. అన్నిటి మీదా సంతకాలు పెట్టించాలా, కొన్ని అలాగే వదిలేయాలా? పెట్టిస్తే ఎక్కడ, ఏ పెన్నుతో? ఇప్పట్లో అమ్మే ఉద్దేశం లేదు, కానీ విలువ పోకూడదు.

గుంటూరు విల్లో:
బ్యాటు మీద పెట్టించండి, ముందువైపు మాత్రం వద్దు. కొత్త బ్యాటుకైతే ముందువైపే అందం. ఆడిన బ్యాటుకు ఆ ఎర్ర మచ్చలే ప్రాణం. టో పైన బెత్తెడు నుంచి జానెడున్నర దాకా ఉండే మచ్చలు, ఎడ్జ్ మీది దెబ్బలు, మీరు చెప్పిన చీలిక, ఇవన్నీ వేలిముద్రల్లాంటివి. మ్యాచ్ ఫొటోతో పోల్చి “ఇది ఆ బ్యాటే” అని తేల్చేది వాటితోనే. వాటి మీద నల్ల మార్కర్ గీత పడితే సాక్ష్యాన్ని మనమే చెరిపేసినట్టు.

వెనకవైపు మధ్యలో ఎత్తుగా ఉండే స్పైన్‌కు పక్కన, స్టిక్కర్లకూ టోకూ మధ్య చెక్క కనిపించే చోటు చూడండి. బ్లేడు వెడల్పు నిబంధన ప్రకారం 10.8 సెంటీమీటర్లు దాటదు, వెనక స్పైన్‌కు ఒక్కో పక్కన అందులో సగమే, అదీ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి సంతకం చిన్నదిగా, బ్యాటు పొడవు వెంట రాయమని ముందే చెప్పాలి. స్టిక్కర్ మీద అస్సలు వద్దు. స్టిక్కర్ ఎండి లేస్తే సంతకం దాంతోనే పోతుంది. బ్యాటు ముందువైపును కాపాడ్డానికి అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర, యాంటీ స్కఫ్ షీట్‌ది కూడా అదే గొడవ. షీటు పసుపెక్కుతుంది, అంచులు లేస్తాయి, పైగా ప్లాస్టిక్ మీది మార్కర్ సిరా శానిటైజర్ తగిలితే చాలు కరిగిపోతుంది.

పెన్ను సన్న మొన షార్పీ (చెరగని మార్కర్), నలుపు. అయితే విల్లోకు, అంటే బ్యాటు చెక్కకు, లిన్‌సీడ్ (అవిసె) నూనె పట్టించి ఉంటే సిరా చెక్క గీతల వెంట పాకి అక్షరాలు ఈకల్లా విచ్చుకుంటాయి. అందుకే పెన్ను ఒకచోట ఆపకుండా చకచకా రాయించాలి. నూనె తీసేద్దామని స్పిరిట్ పెట్టి తుడవడం, సాండ్‌పేపర్ రుద్దడం లాంటివి చేస్తే వస్తువే పాడవుతుంది. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. బాల్‌పెన్ వద్దు, మెత్తటి విల్లో మీద గాడి పడుతుంది. సంతకం అయ్యాక పైన వార్నిష్ కొట్టించేవాళ్లున్నారు. ఆ ద్రావకానికి సిరా కదిలిపోతుంది, బ్యాటు అసలు రూపమూ మారిపోతుంది.

సీమ్ పొజిషన్:
బ్యాటు గురించి విల్లో గారు చెప్పిందానికి ఒప్పుకుంటా. బంతి దగ్గరే ఎక్కువ మంది పాడుచేసుకునేది.

ఎర్ర బంతి మీద నల్ల మార్కర్ కనపడదు. వెండి రంగు పెయింట్ పెన్ కావాలి, యూని పెయింట్ పీఎక్స్-21 లాంటి సన్న మొనది. మూత పెట్టే ఉంచి అర నిమిషం గట్టిగా ఊపాలి. చెత్త కాగితం మీద మొనను నొక్కి పెయింట్ దించాలి, అదే కాగితం మీద నాలుగైదు గీతలు గీసి ధార సమంగా వచ్చాకే ఆటగాడి చేతికివ్వాలి. ఇది చేయకపోతే మొదటి అక్షరం మీదే బొట్టు పడుతుంది.

బంతికి మెరుపు నిలిపిన వైపు ఒకటి, గరుకు పడ్డ వైపు ఒకటి ఉంటాయి కదా. గరుకువైపు తోలు పైపూత పోయి ఉంటుంది, పెయింట్‌ను పీల్చేసుకుని గీత పాలిపోతుంది. పైగా ఆ వైపు పడ్డ గీరలే ఆట ఆనవాళ్లు. కాబట్టి మెరుపు వైపు, కంపెనీ బంగారు ముద్ర మీదికి పోకుండా, సీమ్‌కు (మధ్య కుట్టుకు) దూరంగా రాయించండి. చెమట, వేలి జిడ్డు ఉంటే పెయింట్ పట్టదు, ఆ ఒక్క చోటును పొడి నూలు గుడ్డతో సుతారంగా అద్దండి. తడి గుడ్డ వద్దు. బంతిని సీమ్ దగ్గర పట్టుకోవాలి, రాశాక వాటర్ బాటిల్ మూత మీద కూర్చోబెట్టి పావుగంట ముట్టుకోకూడదు. డబ్బాలో పెట్టడం మర్నాడే.

గ్లవ్స్‌కి అరచేతి తోలు జోలికి వెళ్లొద్దు. అక్కడ గ్రిప్ అరిగిన తీరూ చెమట మరకా ఆ వస్తువు చరిత్ర. మణికట్టు పట్టీ పైభాగం సరైన చోటు. అక్కడ కూడా మామూలు మార్కర్ కాకుండా నల్ల పెయింట్ పెన్ వాడండి. మార్కర్‌లోని రంగు మెత్తటి ప్లాస్టిక్ తోలులోకి ఏళ్ల తరబడి పాకి, అక్షరం చుట్టూ ఊదా నీడలా కమ్ముతుంది. ముందు గ్లవ్స్‌ని నీడలో ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే అరచేతి తోలు అట్టలా బిగుసుకుని పగులుతుంది.

చొక్కా ఉతక్కండి. పాలిస్టర్ మీద సిరా వెనక్కి దిగుతుంది కాబట్టి లోపల మందపాటి అట్ట పెట్టి, గుడ్డ బిగుతుగా లాగి నాలుగు వైపులా క్లిప్పులు పెట్టి రాయించాలి. నంబరు అంటించిన చోట వద్దు, ఆ పొర పగిలితే సంతకమూ పగులుతుంది. ప్యాంటు కూడా దొరికితే అడిగి తెచ్చుకోండి. బౌలర్ బంతి రుద్దిన తొడ దగ్గరి ఎర్ర చారలకు మించిన ఆనవాలు లేదు.

మిడిల్ స్టంప్, న్యూజెర్సీ:
పెన్నుల కంటే ముందు రుజువు సంగతి చూడండి. సంతకం ఉన్నంత మాత్రాన ఆ వస్తువు మ్యాచ్‌లో ఆడినట్టు కాదు. దుకాణంలో కొన్న బ్యాటు మీద కూడా అదే సంతకం ఉంటుంది. ఇక్కడ మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2001 నుంచి స్టేడియంలోనే మనిషిని పెట్టి, అతని కళ్ల ముందు ఆటలోంచి వచ్చిన వస్తువుకే నంబరున్న హోలోగ్రామ్ అంటిస్తున్నారు. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ 1932 వరల్డ్ సిరీస్ జెర్సీ 2005లో 9.4 లక్షల డాలర్లకు అమ్ముడైంది, 2024 ఆగస్టులో 2.41 కోట్ల డాలర్లకు. ఈలోగా మార్కెట్ పెరిగిన మాట నిజమే, కానీ ఆనాటి ఫొటోలతో జెర్సీని సరిపోల్చిన నిర్ధారణ లేకుండా ఆ ధర రాదు.

కాబట్టి సంతకానికి ముందే ప్రతి వస్తువునూ అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఒక దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా వేసి మరో వరస తీయండి, దెబ్బలూ గీతలూ అప్పుడే తేలతాయి. మ్యాచ్ ఫొటోలు, వీడియో దొరికితే తేదీ, ఓవరు కనపడేలా స్క్రీన్‌షాట్లు దాచండి. పోల్చాల్సినవి టో చీలిక, స్టిక్కర్ కింద గాలి బుడగ, గ్రిప్ రంగు, ఎడ్జ్ టేపు అంచు.

నా మటుకు నేనైతే అన్నిటి మీదా పెట్టించను. పెట్టని సంతకాన్ని రేపైనా పెట్టించవచ్చు, పెట్టింది తీయలేం. అయితే ఆ రేపు అందరికీ ఉండదు, ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ 52 ఏళ్లకే వెళ్లిపోయాడు. అతని బ్యాగీ గ్రీన్ (ఆస్ట్రేలియా టెస్ట్ ఆటగాళ్ల టోపీ) 2020 జనవరిలో కార్చిచ్చు బాధితుల కోసం వేలం వేస్తే 10,07,500 ఆస్ట్రేలియన్ డాలర్లు పలికింది. ఆ టోపీతో పాటు అతను సంతకం చేసిన ధ్రువపత్రం ఇచ్చాడు. మీకూ ఆ దారే మేలు. ఆటగాడితో ఒక కాగితం రాయించండి: ఏ వస్తువు, ఏ జట్టు మీద, ఏ మైదానం, తేదీలు, గుర్తులు. స్టాంపు పేపరు అక్కర్లేదు, మామూలు తెల్ల కాగితం చాలు. రాస్తున్నప్పుడు వస్తువు కూడా కనపడేలా వీడియో తీయండి.

ఉప్పల్ ఈస్ట్‌స్టాండ్:
కాగితం ఆలోచన నచ్చింది, థాంక్సండి. కానీ అతను దొరికేది పది నిమిషాలే. పేరు కింద ఇంకేమైనా రాయించాలా? తర్వాత ఎలా దాచాలి? మాది మేడమీద గది, వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి.

గుంటూరు విల్లో:
బ్యాటు మీద సంతకం కింద ప్రత్యర్థి జట్టు, తేదీ అతని చేత్తోనే రాయించండి. ఆటగాడి చేతిరాతలో ఉన్న తేదీ ఉత్త సంతకం కంటే బరువైనది. మీ పేరుకు అంకితం రాయించొద్దు, మీ తర్వాత తీసుకునేవాళ్లకు అది అడ్డే. మిగతా జట్టు సభ్యులు అక్కడుంటే వాళ్ల సంతకాలు వేరే బ్యాటు మీద. ఆడినవాడు ఒక్కడే, ఈ బ్యాటు మీద పేరూ ఒక్కటే ఉండాలి.

సీమ్ పొజిషన్:
పది నిమిషాలైతే కాగితం ముందు, తర్వాత బ్యాటు. బంతి చివర్లో, ఎందుకంటే అది ఆరేదాకా మీరు కదలకూడదు. గ్లవ్స్, చొక్కా ఈసారికి వదిలేయండి.

దాచడానికి బయటి గోడకు ఆనుకున్న బీరువా వద్దు. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది, చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొని లోపల పెట్టండి. సిలికా జెల్ సంచులు వస్తువుకు తగలకుండా మూలల్లో వేసి, వానాకాలంలో తరచూ మార్చండి. గ్లవ్స్‌ను పాలిథిన్ కవర్లో బిగించి కడితే లోపలి చెమటకు వారాల్లోనే బూజు పడుతుంది. ఆమ్లం లేని టిష్యూ వేళ్లలో కూరి, గాలాడే అట్టపెట్టెలో ఉంచండి. కలరా ఉండలు అస్సలు వేయొద్దు, ఆ ఆవిరికి ప్లాస్టిక్ పట్టీలూ స్టిక్కర్లూ మెత్తబడి జిగురు కడతాయి. బంతిని అద్దాల పెట్టెలో పెట్టినా కిటికీ ఎండ తగలనివ్వకండి.