వేసవిలో కోర్టుకు తాళం: తెల్లదొరల అలవాటా, ఇప్పటి అవసరమా?

మల్కాజిగిరి వాసి:

మే వస్తే చాలు, హైకోర్టూ సివిల్ కోర్టులూ సుమారు నెల రోజులు మూతపడతాయి. తెల్లదొరలు మన ఎండకు ఆగలేక ఊటీకో సిమ్లాకో ఎక్కేసే రోజుల్లో పెట్టుకున్న సెలవు ఇది. దొరలు పోయారు, కోర్టు హాళ్లలో ఏసీలొచ్చాయి, సెలవు మాత్రం కదల్లేదు. ఆర్టీసీ డ్రైవర్‌కు లేని వేసవి సెలవు జడ్జిగారికి ఎందుకు? 2003లో నేర న్యాయ సంస్కరణల మీద వేసిన మలిమత్ కమిటీ లెక్క తీసింది: సెలవులు 21 రోజులు తగ్గించండి, సుప్రీంకోర్టు ఏడాదికి 206 రోజులు, హైకోర్టులు 231 రోజులు పనిచేయాలి అంది. 2009లో లా కమిషన్ కూడా కనీసం 10, 15 రోజులు కోయమంది. నేనైతే మొత్తంగా ఎత్తెయ్యాలంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి, తిట్లు వద్దు.

వకీలమ్మ:

కారణం చెప్తాను. జడ్జిగారు సాయంత్రం బెంచ్ దిగితే ఆ రోజు పని అయిపోయిందనుకుంటారు బయటివాళ్లు. వాదనలు విని రిజర్వు చేసిన (తర్వాత చెప్తామన్న) తీర్పులు రాసేదెప్పుడు? రాత్రిళ్లు, ఆదివారాలు, ఈ సెలవుల్లో. పైగా 'మూత' అన్నమాట సగమే నిజం. మేజిస్ట్రేట్ కోర్టులు వేసవిలోనూ నడుస్తాయి. సివిల్‌కు వెకేషన్ కోర్టు, హైకోర్టుకు వెకేషన్ బెంచ్ ఉంటాయి. మామూలు రోజుల్లో కొంప మునిగే పనయితే లంచ్ మోషన్ (అదే రోజు భోజనం తర్వాత వినమని) అడుగుతాం, అంతకన్నా తొందరైతే హౌస్ మోషన్, జడ్జిగారింట్లోనే వాదన. రేపు మీ గోడ కూల్చడానికి ఎవడో బుల్డోజర్ తెస్తే మే నెలైనా మీకు స్టే దొరుకుతుంది. దొరకనిది పాతికేళ్ల పంపకాల దావాలో క్రాస్ ఎగ్జామినేషన్. అది జూన్‌లో జరిగితే ఆకాశం ఊడిపడదు.

యాచారం రైతుబిడ్డ:

మేడమ్, ఆ పంపకాల దావా మాదే అనుకోండి. ఊడిపడ్తది.

చరిత్ర చాదస్తం:

తిట్టుకునే ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 'తెల్లదొరల సెలవు' అనేస్తే సరిపోదు, వాళ్ల కోర్టులు ఎప్పుడు కూర్చునేవో చూస్తే ఇప్పటి బాధ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుస్తుంది.

1790లో కార్న్‌వాలిస్ బెంగాల్‌లో నాలుగు సర్క్యూట్ కోర్టులు పెట్టాడు: కలకత్తా, ఢాకా, ముర్షిదాబాద్, పాట్నా. కంపెనీ ఇంగ్లీషు జడ్జీలు, ముస్లిం చట్టం ప్రకారం ఫత్వా, అంటే అభిప్రాయం, చెప్పడానికి వెంట కాజీ, ముఫ్తీ. ఏడాదికి రెండుసార్లు జిల్లాలన్నీ తిరిగి జైలు ఖాళీ చేయాలి. అంటే ఖైదీలను వదిలెయ్యడం కాదు, ఒక్కొక్కణ్నీ విచారించి తేల్చడం. ఇంగ్లండులో అసైజులని జడ్జీలు కౌంటీల వెంట తిరిగే పద్ధతి ఉండేది (అక్కడ అది 1971 చట్టం వచ్చేదాకా బతికే ఉంది), దాని నకలే ఇది. ఇంగ్లండు కౌంటీ ఎంత, మన జిల్లా ఎంత! ఆ లెక్క వేసినవాడు లేడు.

1802లో మద్రాసు ప్రెసిడెన్సీకీ ఇదే తెచ్చారు. ఉత్తర సర్కార్లకు ప్రొవిన్షియల్ కోర్టు బందరులో. అక్కణ్నుంచి జడ్జి రాజమండ్రి, విశాఖ, గంజాం దాకా పోవాలి. రైలు లేదు, గోదావరి మీద వంతెన లేదు. జిల్లాలో ఉండే అధికారికి చిన్న శిక్షలు వేసే అధికారమే ఉండేది. హత్య, బందిపోటు కేసు అంటే సర్క్యూట్ జడ్జి రావాల్సిందే. ఆయన వెళ్లిపోయిన మర్నాడు పట్టుబడ్డవాడి గతేంటి? ఆరు నెలలు జైల్లో. తప్పు చెయ్యనివాడైనా అంతే. సాక్షులు మళ్లీ అంతదూరం రావాలి, లేదా మరిచిపోవాలి. ఉరిశిక్ష పడితే మద్రాసులోని పెద్ద క్రిమినల్ కోర్టు, ఫౌజ్దారీ అదాలతు, ఖాయం చేస్తూ కాగితం పంపేదాకా ఇంకో నిరీక్షణ.

అసలు తిరకాసు ఇంకోటుంది. సర్క్యూట్ తిరిగే జడ్జీలే సివిల్ అప్పీళ్లు కూడా వినాలి. తిరగడానికి పోతే అప్పీళ్లు ఆగుతాయి, అప్పీళ్ల మీద కూర్చుంటే జైలు నిండుతుంది. బెంగాల్‌లో 1829లో బెంటింక్ ఈ కోర్టులను ఎత్తేసి కమిషనర్లకు అప్పగించాడు, రెండేళ్లకే ఆ భారం జిల్లా జడ్జీల మీదికి జారింది. మన మద్రాసులో 1843 దాకా నడిచాయి. ఆ తర్వాతే జిల్లా కేంద్రంలో కదలకుండా కూర్చునే సెషన్స్ జడ్జి. ఇప్పటి కోర్టుకు నమూనా అదే.

చిన్న మేజిస్ట్రేట్ల కథ వేరు. కలెక్టరు, ఆయన కింది అధికారులే మేజిస్ట్రేట్లు, చలికాలంలో గుడారాలతో జమాబందీ (శిస్తు లెక్కలు) తిరుగుతూ క్యాంపులోనే కేసులు వినేవాళ్లు. ఫిర్యాదిదారు, ముద్దాయి, సాక్షులు ఆ గుడారం వెనక ఊరూరా నడవాలి. ఈ ఊళ్లో ఉన్నాడని వస్తే పై ఊరికి కదిలాడని తెలిసేది.

మల్కాజిగిరి వాసి:

బాగుంది సార్, కానీ ఇదంతా నా వాదనకే బలం. వాళ్ల క్యాలెండర్ జడ్జి ప్రయాణాన్ని బట్టి, ఎండను బట్టి తయారైంది. కక్షిదారు ఆ లెక్కలోనే లేడు. మనమింకా అదే మోస్తున్నాం. ఇంకో సందేహం, హైదరాబాద్ బ్రిటిష్ పాలనలో లేదుగా? మనకీ సెలవు ఎట్లా అంటింది?

చరిత్ర చాదస్తం:

మన ఊరు రెండు పడవల మీద ఉండేది. సికింద్రాబాద్ కంటోన్మెంటు, కోఠీ దగ్గర రెసిడెన్సీ బజార్లు రెసిడెంటు (నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధి) కోర్టుల కింద. మిగతా నగరం నిజాం కోర్టుల కింద, ఉర్దూలో, ఫస్లీ (శిస్తు పంచాంగం) తారీఖులతో, శుక్రవారం సెలవుతో. రెసిడెన్సీ బజార్లు 1933లో నిజాం చేతికి తిరిగొచ్చాయి, సికింద్రాబాద్ అంతకన్నా ఆలస్యంగా, 1940ల నడుమ. దానికి ముందు చాదర్‌ఘాట్ వంతెన ఇవతల బాకీ పడ్డవాడికీ అవతల బాకీ పడ్డవాడికీ కోర్టు వేరు, భాష వేరు, పంచాంగం వేరు.

నిజాం వైపు ఒక మంచి పని జరిగింది, దాన్ని ఎవరూ తలుచుకోరు. 1921లో న్యాయశాఖను రెవెన్యూ నుంచి విడదీశారు. అప్పటిదాకా తాలూక్‌దారు, తహసీల్దారు శిస్తు పని మధ్యలో, దౌరాల (ఊళ్ల పర్యటనల) మధ్యలో తీరిక దొరికితే కేసులు వినేవాళ్లు. విడదీశాక కేసులు తప్ప వేరే పని లేని మున్సిఫు (కింది కోర్టు జడ్జి) రోజూ ఒకేచోట కూర్చున్నాడు. బ్రిటిష్ ఇండియాలో ఆ విభజన కోసం కాంగ్రెస్ వాళ్లు దశాబ్దాలుగా తీర్మానాలు చేస్తూనే ఉన్నారు. మూసీ ఒడ్డున హైకోర్టు మేడ కూడా ఆ కాలానిదే. విన్సెంట్ ఎష్ గీశాడు, 1920 ఏప్రిల్‌లో తెరిచారు. ఎండాకాలం మొదట్లో కొత్త కోర్టు తెరవడానికి నిజాం సర్కారుకు అడ్డమేమీ కనపడలేదు మరి.

యాచారం రైతుబిడ్డ:

ఇప్పుడు నా మాట జెప్త. ఇంగ్లండుల కోర్టులకు పెద్ద సెలవులు ఆగస్టు, సెప్టెంబర్ల ఉంటయ్ గదా, కోతలప్పుడు జనం పొలాలల్ల ఉంటరని అంటరు. అంటే ఆడ రైతుకు తీరిక లేనప్పుడు కోర్టు బంద్. మనకు తలకిందులు. మే నెలల చేన్ల పని లేదు, యాసంగి వడ్లు అమ్ముడు అయిపోతది, చేతుల నాలుగు పైసలుంటయ్, పెండ్లిళ్లు తప్ప ఏం పని లేదు. గప్పుడు కోర్టు బంద్. జూన్‌ల మిరుగు పొద్దుతోని వాన పడ్తది, పత్తి గింజలు పెట్టాలె, గప్పుడే కోర్టు తెరుస్తరు. మా బాపుకు పేషీలన్నీ గప్పుడే వస్తయ్. దుక్కి ఇడిచిపెట్టి తొమ్మిది గంటల బస్సెక్కాలె, పోతే 'జడ్జి లీవ్' అని బోర్డు. దొర పెట్టిన సెలవు గాబట్టి తీసెయ్యమంటలే. పెట్టుకునేదుంటే రైతును జూసి పెట్టుకోన్రి అంటున్న.

వకీలమ్మ:

ఈ వాదన నేనెప్పుడూ వినలేదు, ఒప్పుకుంటాను. అయినా కోర్టుకొచ్చేది రైతులొక్కరే కాదు కదా. సిటీ సివిల్ కోర్టులో అద్దె గొడవలు, బ్యాంకు రికవరీలు, ఆస్తుల పంచాయితీలు. నాంపల్లిలో చెక్ బౌన్సులు. ఫ్యామిలీ కోర్టులో భార్యాభర్తలు మే నెల కోసమే ఎదురుచూస్తారు, పిల్లలకు బడి ఉండదు, సగం సెలవులు నాన్న దగ్గర, సగం అమ్మ దగ్గర అని ఆర్డర్లు నడుస్తుంటాయి. ఇంక ఎండ సంగతి. హైకోర్టులో ఏసీ ఉంది నిజమే. మీ తాలూకా కోర్టు వరండాలో? డెబ్బై ఏళ్ల సాక్షిని 43 డిగ్రీల్లో బెంచీ మీద కూర్చోబెట్టి మూడింటికి 'పాస్ ఓవర్' (ఇంకాసేపయ్యాక పిలుస్తాం) అంటే అది కూడా రైతుకే కదా శిక్ష.

లా మూడో ఏడు:

ఒక చిన్న మాట. చట్టానికి తొందర ఉన్నచోట సెలవు అడ్డం రాదు. అరెస్టయితే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం అంటుంది, అది మే 15 అయినా దీపావళి అయినా సరే. 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు వెయ్యకపోతే బెయిల్ హక్కు వచ్చేస్తుంది, ఆ గడియారం వేసవిలో ఆగదు. అదే సివిల్ అయితే, గడువు చివరి రోజున కోర్టు మూసి ఉంటే తెరిచిన రోజు వేసుకోవచ్చని లిమిటేషన్ చట్టం 4వ సెక్షన్ చెప్తుంది. అంటే జైలు ఖాళీ చెయ్యడానికి ఆరు నెలలకోసారి జడ్జి వచ్చే రోజులు పోయాయి. ఇప్పటి విచారణ ఖైదీ ఆగేది సెలవు వల్ల కాదు, వాయిదా వల్ల.

రిటైర్డ్ బెంచ్ క్లర్క్:

అమ్మయ్య, ఒకరన్నా అసలు జాగాకొచ్చారు. నేను బెంచ్ కింద కూర్చుని చాలా మంది జడ్జీలను చూశాను, పేర్లొద్దు. కాజ్‌లిస్టులో, అంటే ఆ రోజు కేసుల పట్టీలో, వంద కేసులు వేస్తాం. వందమందినీ పదిన్నరకే రమ్మంటాం. అటెండరు వాకిట్లో నిలబడి పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఈ పిలుపుల పని, కాల్ వర్క్, అయ్యేసరికి పన్నెండు దాటుతుంది, ఆ వందలో తొంభై దాకా వాయిదాలే. సాక్ష్యం నడిచేది రెండు మూడింట్లో. మిగతావాళ్లు వచ్చింది తారీఖు రాసుకుపోవడానికి. జడ్జి ఊరికొచ్చిన రోజే అందరూ గుమిగూడాలన్న ఆ సర్క్యూట్ రోజుల ఆలోచన ఇది. జడ్జి ఇప్పుడు రోజూ ఊళ్లోనే ఉన్నాడు, పిలుపు మాత్రం అట్లాగే ఉంది.

చట్టంలో మందు లేకపోలేదు. సివిల్ దావా విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలివ్వొద్దని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 17వ ఆర్డర్‌లో రాశారు, 2002 నుంచి అమల్లో ఉంది. క్రిమినల్‌లో సాక్షుల విచారణ మొదలైతే రోజు వెంట రోజు నడపాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీ 309వ సెక్షన్ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 346 కూడా అదే చెప్తుంది. ఏ కోర్టులో చూశారో చెప్పండి. వేసవి సెలవు మొత్తం తీసేసినా, ఆ నెల కూడా ఇట్లాగే తారీఖులు రాసుకుంటాం, అంతే. నా లెక్కలో కావలసింది గంటలవారీ పిలుపు. సాక్ష్యం ఉన్న కేసు పదకొండుకు, వాదనలు రెండుకు, ఉత్త వాయిదాలైతే వకీలు ఫోన్‌లో చూసుకోవాలి, కక్షిదారు ఇంట్లో ఉండాలి.

మల్కాజిగిరి వాసి:

క్లర్కుగారూ, గంటలవారీ మాట బాగుంది, కానీ దాన్ని చూపించి సెలవును దాచేస్తే ఒప్పుకోను. రెండూ కావాలి. సాయంత్రం కోర్టుల సంగతి గుర్తుందా? 2010లో 13వ ఆర్థిక సంఘం ఉదయం, సాయంత్రం కోర్టులకు 2,500 కోట్లు ఇవ్వమంది. చాలా రాష్ట్రాల్లో ఆ డబ్బు పూర్తిగా ఖర్చే కాలేదు. సిబ్బంది, వకీళ్లు కుదరదన్నారు. కక్షిదారును మాత్రం ఎవరూ అడగలేదు. ప్రైవేటు ఉద్యోగికి ఆరింటి కోర్టు ఎంత మేలో! ఇప్పుడు బుద్వేల్‌లో వంద ఎకరాల్లో కొత్త హైకోర్టు కడుతున్నారు, 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. మేడ కొత్తది, క్యాలెండర్ పాతదైతే ఎట్లా?

వకీలమ్మ:

సాయంత్రం కోర్టు అంటే పొద్దున పదిన్నర నుంచి నిలబడ్డ వకీలే మళ్లీ ఆరింటికి నిలబడాలి. కొత్త జడ్జీలను వేసి షిఫ్టు పెట్టండి, నేను చెయ్యెత్తుతాను. ఉన్నవాళ్లనే పిండితే తీర్పుల్లో తప్పులొస్తాయి, అప్పీళ్లు పెరుగుతాయి. సెలవు విషయంలో మధ్యేమార్గం చెప్పనా? అందరూ ఒకేసారి పోకుండా సగం మంది మేలో, సగం మంది ఇంకో నెలలో తీసుకోవాలి. సాక్ష్యాలు చెప్పాల్సిన రైతుల కేసులు మేలో నడిచే కోర్టులకు వెయ్యాలి, అదీ పొద్దున ఏడున్నర నుంచి పన్నెండు దాకా. వేసవి బడులు అట్లాగే నడిచేవి కదా.

మల్కాజిగిరి వాసి:

ఒంటిపూట కోర్టు! సగం వరకు ఒప్పందం. మిగతా సగానికి వచ్చే మే దాకా పోట్లాడతాను.

యాచారం రైతుబిడ్డ:

ఒంటిపూట కోర్టయితే మా బాపు పొద్దున మొదటి బస్సుకే వస్తడు మేడమ్. సరే గానీ క్లర్కు సార్, మాది పేషీ జూన్ మూడో వారంల పడ్డది, బాపు సాక్ష్యం. వాన పడితే రాడు, ఎంత జెప్పినా ఇనడు. ముందుకు జరిపించుకోవచ్చునా?

రిటైర్డ్ బెంచ్ క్లర్క్:

జరిపించుకోవచ్చు బాబూ. సెలవులకు ముందే మీ వకీలుతో అడ్వాన్స్ పిటిషన్ (తారీఖు ముందుకు జరపమని) వేయించు, అఫిడవిట్‌లో వ్యవసాయం పని అని, బాపు వయసెంతో తప్పక రాయించు. అవతలి వకీలుకు ముందే కాపీ ఇచ్చి 'అభ్యంతరం లేదు' అని సంతకం తీసుకుంటే ఆ రోజే ఆర్డర్ కావచ్చు. బాపు నడవలేని స్థితిలో ఉంటే కోర్టు నియమించే వకీలు, అడ్వొకేట్ కమిషనర్, మీ ఇంటికే వచ్చి సాక్ష్యం రాసుకునేలా కూడా అడగొచ్చు. వేసవి మొదలయ్యాక వెకేషన్ కోర్టుకు తీసుకెళ్తే మాత్రం ఇది అర్జెంటు కాదని తిప్పి పంపుతారు, ఏప్రిల్ దాటనివ్వకు.