చెల్లెకు సీఎస్‌ఈ సీటొచ్చింది, 40 వేలల్ల ఏ ల్యాప్‌టాప్ తీస్కోవాలె?

పరకాల_పత్తిచేను:
అన్నలకు అక్కలకు నమస్తే. మా చెల్లెకు ఈఏపీసెట్ కౌన్సిలింగ్‌ల వరంగల్ల సీఎస్‌ఈ సీటొచ్చింది, మా ఇంట్ల ఈ చదువు ఆమెనే మొదలు. బాపు 40 వేల దాక ఇస్తా అంటుండు, ఇంకో ఏడెనిమిది వేలు ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మినంక దీపావళి అవుతల ఎల్తయి. షాపుకు పోతే సన్నగ మెరిసేది ఒకటి చూపెట్టి 8 జీబీ ర్యామ్ సరిపోతది తీస్కోండ్రి అంటుండ్రు, కానీ నాలుగేండ్లు నడవాలె గదా. ఇప్పుడు తక్కువల కొని తర్వాత పెంచుకునేటిది ఏదన్న ఉంటే చెప్పుండ్రి. గేమింగ్‌ది కొనాల్నా అని కూడ డౌటు.

ఫైనలియర్_హన్మకొండ:
తమ్మీ, చెల్లెకు కంగ్రాట్స్. మొదట్ల సీ, పైథాన్, డేటా స్ట్రక్చర్స్, వీటికి 8 జీబీ చాలు. అసలు తిప్పలు థర్డియర్ల, ఫోన్ యాప్‌లు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్, డాకర్ అసొంటి బరువు సాఫ్ట్‌వేర్లు, పక్కన క్రోమ్‌ల ఇరవై ట్యాబులు, అప్పుడు 16 లేకుంటే ఏడిపిస్తది. నేను అసొంటి సన్నటిదే కొన్న, ర్యామ్ పెంచుదామని విప్పిస్తే చిప్పులు బోర్డుకే అతికిచ్చి ఉన్నయి, ప్రాజెక్టు మొత్తం దోస్తు ల్యాప్‌టాప్ మీద చేయాల్సొచ్చింది. అందుకే కంపెనీ పేరు తర్వాత, ముందు ర్యామ్ స్టిక్ పెట్టే స్లాట్ ఉందా చూడు. గేమింగ్‌ది వద్దు, రెండు కిలోల పైన ఉంటది, అడాప్టర్ బరువు వేరే, రోజు బస్సుల మోసుడు కష్టం. గేమింగ్‌దాండ్ల ఉండే గ్రాఫిక్స్ చిప్పు, అదే జీపీయూ, మెషిన్ లెర్నింగ్‌కు ఆన్‌లైన్ల గూగుల్ కోల్యాబ్‌ల ఫ్రీగనే దొరుకుతది.

చౌరస్తా_రిపేర్:
పై తమ్ముడు చెప్పింది నిజం, నా టేబుల్ మీదికి వారానికొకటి గసొంటిదే వస్తది. షాపుల్నే చూసే ఉపాయం చెప్త. డెమో పీస్‌ల టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌ల మెమరీ నొక్కు, ఫామ్ ఫ్యాక్టర్ అనే కాడ సోడిమ్ అని ఉంటే ఊడొచ్చే స్టిక్, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకు అతికిచ్చింది. డబ్బా మీద ఎల్‌పీడీడీఆర్ అని రాసుంటే అది కూడ అతికిచ్చే ర్యామే, ఆ మోడల్ ఇడిసిపెట్టు. 8 అతికిచ్చి పక్కన ఒక స్లాట్ ఖాళీ ఉన్నా ఫరవాలేదు, 16 అయితది. ర్యామ్‌ల రకాలుంటయి, డీడీఆర్4 స్లాట్‌ల డీడీఆర్5 ఎక్కదు, అది గుర్తుంచుకో. ప్రాసెసర్ మళ్ల మార్చరాదు కాబట్టి ఇప్పుడు పైసలు అండ్లనే పెట్టు, ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ ఎప్పుడైనా మార్చొచ్చు. ఒక్క మాట, 2025 ఆఖరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ రేట్లు బాగ పెరిగినయి, పత్తి దాక ఆగితే అగ్గువ అయితదని లేదు, 16 తోని వచ్చేది కొద్ది తేడాల దొరికితే బాపును ఒప్పించి ఇప్పుడే తీస్కో.

కాజీపేట_జంక్షన్:
కొత్తదే ఎందుకు, వాడినదాన్ని బాగుచేసి అమ్మే రీఫర్బిష్డ్ డెల్ లాటిట్యూడ్ 5420 చూడు, ఇంటెల్ 11వ జనరేషన్ ప్రాసెసర్, రెండు ర్యామ్ స్లాట్లు, కీబోర్డు గట్టిది. థింక్‌ప్యాడ్ టీ480ల కూడ రెండు స్లాట్లున్నయి. నేను ఒకటి తీస్కొని డ్యూటీల వాడుతున్న, మంచిగ నడుస్తుంది.

చౌరస్తా_రిపేర్:
అన్నా, మీరన్న మోడళ్లు మంచియే, కానీ టీ480 అంటే 2018ది, 8వ జనరేషన్, విండోస్ 11కు ఇంటెల్‌ల అదే కింది మెట్టు. నాలుగేండ్ల చదువుకు దాన్ని నేను చెప్ప. 5420 అయితే సరే, కానీ కొనేటప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌ల పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీరిపోర్ట్ (powercfg /batteryreport) కొట్టి చూడాలె, డిజైన్ కెపాసిటీకి ఇప్పుడు నిండేదానికి ఎంత తేడా ఉన్నదో తెలుస్తది, సగానికి పడిపోతే బ్యాటరీ ఖర్చు కూడ రేట్ల కలుపుకోవాలె.

పరకాల_పత్తిచేను:
అందరికి మస్తు థ్యాంక్స్. ఇయ్యాల బాపును తోల్కొని మళ్ల షాపుకు పోయిన, ఆ సన్నదాండ్ల రో ఆఫ్ చిప్స్ అనే వచ్చింది. బాపుకు స్క్రీన్ మీద చూపెట్టి, ఇది ఇరుసు మార్చరాని బండి అసొంటిది అని చెప్తే టక్కున సమజైంది, ఇంకో నాలుగు వేలు కలుపుతా అన్నడు. శనివారం కాజీపేట్ల రైలెక్కి ల్యాప్‌టాప్ షాపులుండే సికింద్రాబాద్ పార్క్‌లేన్ పోతున్నం, చెల్లె కూడ వస్తుంది, టాస్క్ మేనేజర్ ఆమెనే తెరుస్తదట.