పెయింట్ పెచ్చులు లేచిన కారుకి వినైల్ రాప్ వేయడం తెలివా, డబ్బు దండగా?

మెరూన్ కారు
అందరికీ నమస్కారం. నాది పదకొండేళ్ల పాత కారు. ఇంజన్‌కి ఏ లోటూ లేదు, ఇంకో నాలుగైదేళ్లు వాడుకోవాలని ఉంది. బాధంతా పైన రంగుతోనే. రూఫ్ మీద, బానెట్ ముందు భాగంలో క్లియర్ కోట్, అంటే రంగు పైన ఉండే పారదర్శకమైన పొర, తెల్లగా పాలిపోయి పొలుసుల్లా లేస్తోంది. ఎడమవైపు వెనక డోర్ మీద మూడు పొడవాటి గీతలున్నాయి. వెనక చక్రం పైన అంచులో గోరంత తుప్పు ఉంది. మొత్తం పెయింట్ వేయించే స్తోమత ఇప్పుడు లేదు. రాప్ వేసేయ్, తక్కువలో అయిపోతుందని ఒకరు చెప్పారు. పాడైన పెయింట్ మీద రాప్ వేస్తే డబ్బు నీళ్లపాలేనని ఇంకొకరు అన్నారు. చేతిపని అంటే నాకు ఇష్టం, సెలవు రోజులు కేటాయించగలను. చేసి చూసినవాళ్లు చెప్పండి.

రంగులమేస్త్రి
వద్దు బాబూ. ఇరవై ఏళ్లుగా కార్లకు రంగులు వేస్తున్నాను. నా పని పోతుందని ఈ మాట చెప్పడం లేదు. రాప్ అంటే వెనక జిగురున్న పీవీసీ పొర. మంచి కాస్ట్ ఫిల్మ్ జిగురుతో కలిపినా మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ పొర మీ క్లియర్ కోట్‌ని పట్టుకుంటుంది, నిజమే. మరి ఆ క్లియర్ కోట్ కింద రంగుని పట్టుకుని ఉందా? లేదు కాబట్టే లేస్తోంది. సున్నం రాలుతున్న గోడ మీద కాగితం అంటించి చూడండి, కాగితంతో పాటు సున్నమూ చేతికొస్తుంది. పైగా అంత పలుచని పొర కింద ఉన్న ప్రతి మెట్టూ, ప్రతి గుంటా పైకి కనబడుతుంది. పైన పటారం అనుకుందామన్నా ఆ పటారం కూడా ఉండదు.

పాతబండి
మేస్త్రి గారు చెప్పింది నా కారుకి అక్షరాలా జరిగింది. బానెట్ మీద పెచ్చులున్నచోట ఉప్పుకాగితంతో పైపైన రుద్ది, చవక ఫిల్మ్ తెచ్చి వేశాను. మొదటి నెల బాగానే అనిపించింది, దూరం నుంచి చూస్తే కొత్త కారులా ఉంది. ఎండలు ముదిరేసరికి అంచులు కుంచించుకుని లోపలికి జరిగాయి. వానలు పడ్డాక ఆ సందుల్లోంచి నీళ్లు చేరి పొక్కులు వచ్చాయి. విసుగొచ్చి లాగేస్తే ఫిల్మ్‌తో పాటు క్లియర్ కోటూ, కొన్నిచోట్ల కింది రంగూ పట్టీలుగా ఊడివచ్చాయి. అంతకుముందు అరచేయంత ఉన్న మచ్చ బానెట్ మొత్తానికి పాకింది. ఆ రోజు ఎంత బాధపడ్డానో చెప్పలేను. చివరికి బానెట్‌కి పెయింట్ వేయించక తప్పలేదు. అంటే రెండు ఖర్చులూ నేనే పెట్టుకున్నాను.

స్క్వీజీ
నేను రాప్ పనిలో ఉన్నాను. పాతబండి అన్నా, మీకు జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. కానీ అందులో రెండు వేర్వేరు తప్పులు కలిసిపోయాయి. అంచులు కుంచించుకుపోవడం చవక ఫిల్మ్ వల్ల. రోలర్ల మధ్య నొక్కి సాగదీసి తయారుచేసే క్యాలెండర్డ్ ఫిల్మ్‌కి తన పాత కొలతకి తిరిగిపోవాలనే గుణం ఉంటుంది. కాస్ట్ ఫిల్మ్‌ని ద్రవంగా పోసి ఆరబెడతారు, అందుకే అది పెద్దగా కుంచించుకోదు, వంపుల మీద బాగా కూర్చుంటుంది. పెచ్చులు ఊడిరావడం మాత్రం ముమ్మాటికీ కింద పెయింట్ తప్పే. అక్కడ ఎంత ఖరీదైన ఫిల్మ్ వేసినా అదే జరిగేది.

అయితే "పాడైన పెయింట్" అని అన్నిటినీ ఒకే గాటన కట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. వెలిసిపోయిన రంగు వేరు, గీత వేరు, పెచ్చు వేరు, తుప్పు వేరు. రంగు వెలిసినా గట్టిగా పట్టుకుని ఉంటే దాని మీద రాప్ హాయిగా నిలుస్తుంది. గీత మీద గోరు అడ్డంగా లాగండి. గోరు గీతలో తట్టుకుని ఆగకుండా జారిపోతే ఫిల్మ్ దాన్ని చాలావరకు కప్పేస్తుంది, తట్టుకుని ఆగితే పైకి కనబడుతుంది. అనుమానం ఉన్నచోట గట్టి టేప్ అదిమి అంటించి ఒక్కసారిగా లాగండి. టేపుకి పొలుసు అంటుకుని వస్తే అక్కడ రాప్ మాట మరిచిపోండి. తుప్పు ఉన్నచోట టేప్ కూడా అక్కర్లేదు. ఫిల్మ్ కింద తుప్పు ఆగదు, కంటికి కనబడకుండా తింటూనే ఉంటుంది.

రంగులమేస్త్రి
పరీక్షలు బాగున్నాయి, వాటితో నాకు పేచీ లేదు. నా ప్రశ్న వేరే. టేప్ పరీక్షలో ఓడిపోయిన చోట ఏం చేస్తారు? పెచ్చులన్నీ గట్టి పొర వచ్చేదాకా గీకాలి. 320 నంబర్ కాగితంతో అంచులు చెయ్యికి తగలకుండా వాలుగా రుద్దాలి. పుట్టీ అవసరమైతే పెట్టాలి, ప్రైమర్ కొట్టాలి, మళ్లీ 600 దాకా రుద్దాలి. పెయింట్ పనిలో ముప్పావు వంతు ఇదే. ఇంత చేశాక రంగు కొట్టకుండా స్టిక్కర్ అంటించడం దేనికి?

స్క్వీజీ
అసలు ప్రశ్న ఇదే, మేస్త్రి గారూ. ఆ ముప్పావు వంతూ ఇంటి దగ్గర ఓపికతో ఎవరైనా చేయగలిగిన పని. మిగిలిన పావు వంతే ఎవరికీ ఇంట్లో కుదరదు. దుమ్ము లేని గది కావాలి, గన్ పట్టిన చెయ్యి తిరిగి ఉండాలి. అన్నిటికంటే, పదకొండేళ్లు ఎండకి మారిపోయిన మెటాలిక్ మెరూన్‌కి పక్క ప్యానెల్‌తో రంగు కలవాలి. రాప్‌కి ఆ బాధ లేదు. కింద ఏ రంగున్నా ఫర్వాలేదు, నున్నగా, గట్టిగా, శుభ్రంగా ఉంటే చాలు. ఈ తమ్ముడికి డబ్బు లేదు గానీ సమయం ఉంది. సమయంతో అయ్యే పని తను చేసుకుని, మిగతాది ఫిల్మ్‌కి వదిలేయడంలో తప్పేముంది?

రంగులమేస్త్రి
నున్నగా ఉంటే చాలదు. ఉత్త ప్రైమర్, ఉత్త పుట్టీ స్పాంజిలా పీల్చుకునే సరుకు. జిగురు వాటి మీద సరిగ్గా పట్టదు, పట్టినా తీసేటప్పుడు ప్రైమర్ లేచి వస్తుంది. దాని మీద క్లియర్ కోట్ కొట్టి మూసేయాలి. అది టూ-కే రకం, అంటే హార్డెనర్ కలిపి కొట్టే రెండు భాగాల రకం అయితేనే గట్టిగా ఉంటుంది. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి. ముక్కుకి గుడ్డ కట్టుకుని కొట్టేది కాదు బాబూ, దానికి తగిన మాస్క్, గాలి ఆడే చోటు ఉండి తీరాలి. నా తోటివాళ్లు దగ్గుతో పడిన అవస్థ కళ్లారా చూశాను, అందుకే ఇంతగా చెప్తున్నాను. కొట్టిన వెంటనే ఫిల్మ్ వేయకూడదు కూడా. కొత్త పెయింట్‌లోంచి సాల్వెంట్ ఆవిరి బయటికి పోతూ ఉంటుంది, మూసేస్తే బుడగలు వస్తాయి. గాలికి ఆరిన పెయింట్ అయితే కొన్ని వారాలు ఆగాలి.

స్క్వీజీ
ఈ విషయంలో మీ మాటే నా మాట, ఒక్క అక్షరం తీసేయను. ఆ ఒక్క కోటు తెలిసినవాళ్ల చేత కొట్టించుకోవడం మేలు. రంగు కలపనక్కర్లేదు కాబట్టి అది చిన్న పనే.

రెండోచేతి
నేను మరో వైపు నుంచి మాట్లాడతాను. రాప్ వేసిన కారు ఒకటి కొన్నాను. మ్యాట్ నలుపు, చూడగానే మనసు పడింది. ఏడాది తర్వాత ఫిల్మ్ తీయిస్తే రెండు డోర్ల కింద అంచు పొడవునా తుప్పు, ఒకచోట వేలు దూరేంత రంధ్రం. అమ్మినతను అడిగినప్పుడు చెప్పలేదు, అడగడం నాకూ పూర్తిగా చేతకాలేదు. మీరు నాలుగైదేళ్లు వాడుకుంటానన్నారు. ఆ తర్వాత అమ్ముతారు కదా? కింద ఏముందో ఫొటోలు తీసి దాచి పెట్టండి, కొనేవాళ్లకి చూపించండి. మీ బడ్జెట్ చూసుకోవడం తప్పు కాదు, దాని భారం తెలియకుండా ఇంకొకరి మీద పడకూడదు.

మెరూన్ కారు
రెండోచేతి గారూ, మీ మాట గుర్తుంచుకుంటాను. ప్రతి దశలో ఫొటో తీస్తాను.

మరి మ్యాట్ ఫిల్మ్ అయితే లోపాలు తక్కువ కనిపిస్తాయంటారు, నిజమేనా? కారు మొత్తం వేయకుండా కొంత భాగానికే వేస్తే బాగుంటుందా?

స్క్వీజీ
నిజమే. నిగనిగలాడే గ్లాసీ ఫిల్మ్ వెలుతురుని అద్దంలా తిప్పికొడుతుంది కాబట్టి చిన్న గుంట కూడా అలలా కనబడుతుంది. మెరుపు తక్కువుండే శాటిన్, మెరుపు లేని మ్యాట్ కొంత క్షమిస్తాయి. కానీ పెచ్చు అంచుని ఏ ఫిల్మూ దాచదు.

నన్నడిగితే కారు మొత్తం వద్దు. రూఫ్ ఒక్కటి నల్లగా వేయండి. ఫిల్మ్ వెడల్పు సాధారణంగా 152 సెంటీమీటర్లు, చాలా కార్ల రూఫ్‌కి ఒకే ముక్క సరిపోతుంది, అతుకు రాదు. పెద్ద వంపులు లేవు కాబట్టి కొత్తవాళ్లు నేర్చుకోవడానికి అంతకంటే సులువైన ప్యానెల్ లేదు. మెరూన్ మీద నల్ల రూఫ్ కావాలని వేయించినట్టే ఉంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పైకి ఎండ తగిలే రూఫ్, బానెట్ మీద ఫిల్మ్ డోర్ల మీద కంటే త్వరగా ముసలిదవుతుంది. పూర్తిగా పెళుసెక్కకముందే తీసేయాలి, లేకపోతే ముక్కలు ముక్కలుగా గీక్కోవాల్సి వస్తుంది.

వేసే ముందు మైనం, సిలికాన్ పాలిష్ జాడ లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అంచుల్ని కారు మీదే బ్లేడుతో కోయకండి. ఒక్క గీత పెయింట్ దాటి రేకు దాకా దిగిందంటే మళ్లీ తుప్పుకి దారి ఇచ్చినట్టే. నైఫ్‌లెస్ టేప్ అని దొరుకుతుంది, లోపలి దారం లాగితే ఫిల్మ్ తెగుతుంది.

పాతబండి
తమ్ముడూ, నేను చేసిన తొందర నువ్వు చేయకు. రుద్దడం విసుగనిపించిన రోజు ఆపేసి మర్నాడు మొదలుపెట్టు. నేను సగం రుద్ది, ఫిల్మ్ వేస్తే కప్పేస్తుందిలే అనుకున్నాను.

మెరూన్ కారు
ఈ రోజు పొద్దున్నే కారు కడిగి, బాగా ఆరాక టేప్ పరీక్ష చేశాను. రూఫ్ మీద ఎనిమిది చోట్ల అంటిస్తే ఐదు చోట్ల పొలుసు ఊడివచ్చింది. బానెట్ ముందు అంచు కూడా అంతే, వెనక సగం గట్టిగా ఉంది. డోర్ల మీద ఎక్కడా ఏమీ రాలేదు. మూడు గీతల్లో రెండింటికి గోరు తట్టుకోలేదు, మూడోదానికి తట్టుకుంది.

ఇలా అనుకుంటున్నాను. ముందు తుప్పు సంగతి చూస్తాను. తర్వాత రూఫ్ రుద్ది ప్రైమర్ దాకా నేనే చేస్తాను, క్లియర్ కోట్ బయట కొట్టిస్తాను, అది ఆరాక ఫిల్మ్ వేస్తాను. డోర్ల జోలికి వెళ్లను. బానెట్‌ని రూఫ్ ఎలా వచ్చిందో చూశాకే ముట్టుకుంటాను. మేస్త్రి గారూ, మీరు ఇప్పటికీ వద్దనే అంటారా?

రంగులమేస్త్రి
రూఫ్‌కి ఇక వద్దనను. ఈ పద్ధతిలో అయితే ఫిల్మ్ తీసేసిన రోజున కింద రంగు కొట్టడానికి సిద్ధంగా ఉన్న ప్యానెల్ మిగులుతుంది, కష్టం వృథా కాదు. కారు మొత్తానికి రాప్ అంటే మాత్రం నా మాట మారదు. తుప్పు దగ్గర జాగ్రత్త. పైకి గోరంత కనిపించేది గీకితే అరచేయంత అవుతుంది. మెరిసే రేకు కనిపించేదాకా గీకు, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పెట్టు, రాత్రంతా రేకు ఉత్తగా వదలకు. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగిందంటే అక్కడితో ఆపి ఇక్కడ ఫొటో పెట్టు. దానికి వెల్డింగ్ కావాలి, పుట్టీతో పూడ్చకు.