బారెన్‌బోయిమ్: కండక్టర్ పదవులు పియానిస్టును మింగేశాయా?

స్వరాన్వేషి:
డేనియల్ బారెన్‌బోయిమ్ 1950లో, ఏడేళ్ల వయసులో, బ్యూనస్ ఐరిస్‌లో తొలి పియానో కచేరీ చేశారు; కండక్టర్‌గా, అంటే వాద్యబృందాన్ని నడిపించేవాడిగా, పేరు తరువాత వచ్చింది. ముప్ఫై నిండకముందే బీథోవెన్ ఒంటరి పియానో కోసం రాసిన 32 సొనాటాలనూ రికార్డు చేశారు. ఆ తరువాత ప్యారిస్ ఆర్కెస్ట్రా (1975–89), షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా (1991–2006), బెర్లిన్‌లోని స్టాట్సోపర్ అనే ఒపేరా సంస్థ (1992–2023) బాధ్యతలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆయనలాగే 1942లో పుట్టిన మరో పియానిస్టు మౌరిజియో పొల్లీని దాదాపు పూర్తిగా పియానోకే అంకితమై సాధించిన స్పష్టత, బారెన్‌బోయిమ్ తరువాతి రికార్డింగుల్లో వేగం పెరిగిన చోట్ల నాకు వినిపించదు. ఈ పదవులు మనకొక గొప్ప పియానిస్టును సగంలోనే దూరం చేశాయని నా వాదన.

మంద్రస్థాయి:
స్వరాన్వేషి గారూ, వేగంగా సాగే చోట్ల మీరు చెప్పినది కొంత నిజమే. అయితే ఆయనలో పియానిస్టు ముందు, కండక్టర్ తరువాత అన్న వరుసే నాకు సరిగా తోచదు. 1954లో సాల్జ్‌బర్గ్‌లో ఆ పదకొండేళ్ల బాలుడి వాయింపు విని అబ్బురపడి, బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో వాయించమని ఆహ్వానించినవాడు ఫుర్ట్‌వాంగ్లర్ అనే మహా కండక్టర్. యుద్ధం ముగిసి తొమ్మిదేళ్లే అయింది కనుక యూదు కుటుంబం జర్మనీకి వెళ్లడం తొందరపాటవుతుందని తండ్రి ఒప్పుకోలేదు. అయినా ఆ ప్రభావం చెరిగిపోలేదు: ఎడమచేతి మంద్రస్వరాల మీద మొత్తం కట్టడాన్ని నిలబెట్టే ఆయన పద్ధతి పియానోలోనూ వాద్యబృందంలోనూ ఒక్కటే. ఇంగ్లిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రాతో, పియానో ముందు కూర్చునే బృందాన్ని నడిపిస్తూ చేసిన మోట్సార్ట్ కన్చెర్టోలలో (పియానో, వాద్యబృందం కలిసి వాయించే కృతులలో), పియానో వదిలిన వాక్యాన్ని ఊదువాద్యాలు అదే ఊపిరితో అందుకుంటాయి. విడిగా ఒక కండక్టర్ నిలబడి ఉంటే ఆ ఐక్యత రావడం కష్టం.

స్వరాన్వేషి:
ఆ మోట్సార్ట్ రికార్డింగులు నాకూ ప్రాణమే. కానీ అవి ప్యారిస్ పదవికి ముందువి. పదవులు హాని చేయలేదనడానికి వాటినెలా సాక్ష్యంగా తీసుకోగలం?

మూడోకాలం:
ఇద్దరూ పియానో మీది వేళ్ల నేర్పు గురించే మాట్లాడుతున్నారు. 1999లో పాలస్తీనా మూలాలున్న అమెరికన్ మేధావి ఎడ్వర్డ్ సయీద్‌తో కలిసి జర్మనీలోని వైమార్‌లో ఆయన స్థాపించిన వెస్ట్-ఈస్టర్న్ దివాన్ ఆర్కెస్ట్రాలో అరబ్, ఇజ్రాయెలీ యువకళాకారులు ఒకే స్టాండు మీది స్వరపత్రం చూసి వాయించారు. ఎంత గొప్పవాడైనా ఒంటరి పియానిస్టు చేయగలిగే పని కాదది. పోయిన సాధన గంటలను లెక్కించేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు.

మంద్రస్థాయి:
స్వరాన్వేషి గారి ప్రశ్నకు: స్టాట్సోపర్‌ను నడుపుతూనే 2005లో బెర్లిన్‌లో 32 సొనాటాలనూ ప్రేక్షకుల ముందు వాయించారు. మోట్సార్ట్ కన్చెర్టోలనూ పదవుల కాలంలోనే బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో మళ్లీ రికార్డు చేశారు. 27వ కన్చెర్టోలోని నెమ్మది భాగాన్ని రెండు రికార్డింగుల్లోనూ వరుసగా విని, తగ్గినదేమిటో ఇక్కడ రాయండి. ఆ తరువాత వాదిద్దాం.