సమస్య: స్ప్రింగులోన మునిగి స్ప్రింగు లేచె

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఇంగ్లిషు 'స్ప్రింగ్'కు మూలార్థం ఎగిరి దూకడం. నేలలోంచి ఉబికే ఊట, చిగుళ్లు తన్నుకొచ్చే వసంతం, నొక్కి వదిలితే ఎగిరే తీగచుట్ట అన్నీ ఆ దూకుడులోంచే పుట్టాయి. పాదంలోని రెండు స్ప్రింగులకూ వేరువేరు అర్థాలు రావాలి.

మొదటి పూరణ:
మంచు కరగి కొండ మలుపులో నూటాయె;
ఆమని చెలి వచ్చి యాడఁబూని,
మోడు మేను నిండ మొలకలె తొడవులై
స్ప్రింగులోన మునిగి స్ప్రింగు లేచె.

నిర్వాహకుడు: చాలా బాగుందండీ. మునిగిందీ లేచిందీ వసంతమే. మూడో పాదం నాకెంతో నచ్చింది.

రెండో పూరణ:
తీగచుట్ట దాచి తీర్చిన యొక బొమ్మ
కప్ప, బుడుత యూట కడను విడిచె;
జారి యడుగు తాకి జలమును జీల్చుచు
స్ప్రింగులోన మునిగి స్ప్రింగు లేచె.

నిర్వాహకుడు: 'అడుగు తాకి' అనడంతో పైకి లేవడానికి కారణం కుదిరింది. తీగచుట్టను మొదటి మాటలోనే బయటపెట్టకుండా ఉండాల్సింది.

మూడో పూరణ:
కళల దేవతలకు కాణాచి యగు నూట
తనివి తీరఁ గ్రోలి తలను ముంచి
కవి కలమునుఁ బట్ట గంతులేయ నడక
స్ప్రింగులోన మునిగి స్ప్రింగు లేచె.
(1711లో ఇంగ్లిషు కవి పోప్ 'ఎస్సే ఆన్ క్రిటిసిజం'లో చెప్పిన పియరియన్ స్ప్రింగ్ ఇది. తాగితే కడుపారా తాగు, లేదంటే ముట్టుకోకు అన్నాడాయన. రెండో స్ప్రింగు పద్యం నడకలోని గంతు. ఇంగ్లిషు కవి హాప్కిన్స్ తన లయకు 'స్ప్రంగ్ రిథమ్' అని పేరు పెట్టాడు. అందులో ఊనిక పడే అక్షరాలనే లెక్కపెడతారు, మిగతావి ఎన్నయినా ఉండొచ్చు.)

నిర్వాహకుడు: ఊహ అన్నిటికన్నా ఎత్తైనది, అందుకే దోషం చెప్పక తప్పదు. మునిగినవాడు కవి, లేచింది గంతు. 'మునిగి' క్త్వార్థకం (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ) కదా, రెండు క్రియలకూ కర్త ఒకరే కావాలి.

మూడో పూరణ కవి: ధన్యవాదాలండీ. మూడో పాదానికి సవరణ: 'పలుకు గంతు నేర్చి పరుగులు పెట్టుచు'. ఇప్పుడు తాగిందీ, మునిగిందీ, గంతై లేచిందీ పలుకే.

నిర్వాహకుడు: కుదిరింది. యతి కూడా చక్కగా పడింది. అభినందనలు.

మరో సభ్యురాలు: 'మునిగి' తర్వాత సంయుక్తాక్షరం వచ్చింది కదండీ, 'గి' గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా?

నిర్వాహకుడు: కాదమ్మా. 'మునిగి' తెలుగు మాట, ఇక్కడ సమాసమూ లేదు. తర్వాతి పదం మొదట ఉన్న జంట హల్లులు దాని చివరి అక్షరాన్ని గురువు చెయ్యవు. 'మునిగి' నగణమే (మూడూ లఘువులే), ఆ పాదంలో ఉండాల్సిన సూర్యగణంగా సరిపోతుంది.