వైజాగ్ గురించి క్లాసులో ఏం చెప్పమంటారు?

అక్కయ్యపాలెం అమ్మాయి, లీడ్స్

అన్నయ్యలకీ అక్కలకీ నమస్తే. లీడ్స్ వచ్చి మూడు వారాలైంది. బస్ పాసు, రైస్ కుక్కరు విషయంలో మీ సలహాలు బాగా పనికొచ్చాయి. ఇప్పుడు ఇంకో తంటా వచ్చిపడింది. ఎలక్టివ్‌గా తీసుకున్న పేపర్లో, ఎవరి ఊరి నుంచి వాళ్ళు ఒక పుస్తకమో బొమ్మో కట్టడమో తీసుకుని, అందులో ఆ కాలపు సమాజం, పెత్తనం ఎలా కనబడతాయో పదిహేను నిమిషాలు మాట్లాడాలట. నేను ఎంపీసీ, ఆ తర్వాత ఇంజనీరింగు. సబ్‌మెరైన్, సింహాచలం, కైలాసగిరి ఫొటోలతో స్లైడ్లు చేస్తే టీచరు చూసి, టూరిజం వాళ్ళ కరపత్రంలా ఉందంది. వచ్చే గురువారమే నా వంతు. కాస్త దారి చూపించండి.

గాజువాక అన్న, మాంచెస్టర్

ఏటనుకోకు తల్లీ, టీచరమ్మ అన్నది నిజమే.

నన్నడిగితే ఒక గోడ రాత చాలు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్నది చూడకుండా పెరిగావా? 1966 ఉద్యమంలో రాష్ట్రమంతా కలిపి 32 మంది చనిపోయారని ప్రతి సభలోనూ చెప్తారు, చెప్పాల్సిందే. ప్లాంటు కోసం భూములిచ్చి లేచిపోయిన 64 ఊళ్ళ పేర్లు వరసగా చెప్పగలిగినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూళ్ళేదు. ఆ నినాదంలో "ఆంధ్రులు" అంటే నిర్వాసితులు కూడానా? అక్కడ మొదలెట్టు.

వన్‌టౌన్ పిన్ని, లండన్

అమ్మాయ్, నన్ను పిన్నీ అనే పిలువు. ఇక్కడికి రాకముందు పద్దెనిమిదేళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను, కాబట్టి కాస్త సుత్తి ఉంటుంది, ఓర్చుకో.

గాజువాక బాబు చెప్పింది మంచి విషయమే గానీ పదిహేను నిమిషాల్లో ఒదగదు. నువ్వు ఒక్క కాగితం పట్టుకో. కన్యాశుల్కం తెలుసుగా? నాటకం తర్వాత చూద్దువుగాని, ముందు దాని పీఠిక చదువు. నాటకం మన ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగులో రాసిన గురజాడ, 1897 నాటి మొదటి కూర్పుకి పీఠిక మాత్రం ఇంగ్లీషులో రాశాడు. అందులో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా రాయించాడు. మూడేళ్ళకి తేలినవి 1,034. అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు 3. పిల్లనమ్ముకున్నవాడు ఆ మాట ఒప్పుకోడు కనక జాబితా పూర్తిది కాదని కూడా గురజాడే అన్నాడు.

మొదటిసారి చదివినప్పుడు ఆ ఏడాది పిల్లల దగ్గరే ఆగిపోయాను. మా పెద్దదానికి అప్పుడు పద్నాలుగు నెలలు. చాలా ఏళ్ళకి మళ్ళీ చదివితే వేరే ప్రశ్న పుట్టింది: అసలు ఈ లెక్క రాయించగలిగింది ఎవరు? అగ్రహారాల్లో గడప గడపకీ మనిషిని పంపి "మీ పిల్లని ఎంతకిచ్చారు" అని అడిగించే చేవ ఆనందగజపతి లాంటి జమీందారుకుంది. నాటకం అంకితం కూడా ఆయనకే. ఇప్పుడు నాటకంలో ఎవరెవరికి వాతలు పడ్డాయో చూడు. వకీళ్ళు, పోలీసులు, దొంగ సాక్షులు, అగ్రహారీకులు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చిన గిరీశం, ఎవరినీ వదల్లేదు. జమీందారీ జోలికి మాత్రం పెద్దగా పోలేదు. గురజాడ మీద నా ప్రేమ వీసమెత్తు తగ్గలేదులే; ఏ చెట్టు నీడన కూర్చుని రాశాడో తెలిసింది, అంతే.

ఇంకో పని చెయ్యి. జాబితాలో ఒక్క పిల్ల పేరూ పీఠికకి ఎక్కలేదు. నాటకంలో సుబ్బికి పేరుంది, కథంతా ఆమె పెళ్ళి చుట్టూనే. సుబ్బి ఎన్నిసార్లు నోరు విప్పిందో లెక్కపెట్టు. తర్వాత మధురవాణి ఎన్నిసార్లో కూడా. వేశ్య అని ఊరంతా ఈసడించే మనిషికి ఊరందరికంటే ఎక్కువ తెలివి ఎందుకిచ్చాడో అప్పుడు మాట్లాడు. స్లైడ్ల మీద బొమ్మలొద్దు, అంకెలు చాలు.

సీతమ్మధార బాబాయి, న్యూజెర్సీ

అమ్మా, పిన్నిగారు పెద్దావిడ, ఎదురు చెప్పకూడదు గానీ ఇదేం సలహా? వెళ్ళి నెల కాలేదు, తెల్లవాళ్ళ ముందు పసిపిల్లల పెళ్ళిళ్ళ చిట్టా విప్పుతుందా? మన పరువు మనమే తీసుకోవడం కాకపోతే! శుభ్రంగా తొట్లకొండ చూపించు. రోమన్ నాణేలు దొరికిన చోటు, గొప్పగా ఉంటుంది.

వన్‌టౌన్ పిన్ని, లండన్

అన్నయ్యగారూ, ఆ పీఠిక ఇంగ్లీషులో రాసింది మా అమ్మమ్మ చదువుకోడానికి కాదు కదా. గుట్టు అప్పుడే బయటపడింది, విప్పింది కూడా మనవాడే. కానీ మీ మాటలో ఒక నిజముంది. క్లాసులో పిల్లలు "అయ్యో పాపం" అని నిట్టూర్చి, తమ ముత్తాతలే మన దేశాన్ని బాగుచేశారనుకుని లేచిపోగలరు. దానికి విరుగుడు కావాలి. మాస్టారూ, మేలుకునే ఉన్నారా?

ఎంవీపీ కాలనీ మాస్టారు, విశాఖపట్నం

ఇక్కడ తెల్లారి కాఫీ కూడా అయింది. విరుగుడు ఒక్క మాటలోనే ఉంది: పితూరీ.

మనింట్లో పితూరీ అంటే ఒకరి మీద ఒకరు చెప్పే చాడీ. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. ఆ పోరాటమంతా సర్కారు కాగితాల్లో "రంప పితూరీ". అడవి చట్టాలు పోడుకి అడ్డం పడ్డాయి. రోడ్డు పనిలో మన్యం వాళ్ళ చేత గొడ్డుచాకిరీ చేయించుకున్నారు. ఆ కాగితాల పైన పేరొక్కటే చదివినవాడికి అదంతా ఏం తెలుస్తుంది? పేరు పెట్టే కలం ఎవరి చేతిలో ఉందో ఆ పిల్లల్నే అడగమ్మా.

మనమూ తక్కువ తినలేదులే. విగ్రహాలన్నీ సీతారామరాజువే, 2022లో వచ్చిన కొత్త జిల్లాకి పెట్టిన పేరూ ఆయనదే. ఆయన వెంట నడిచిన గాం మల్లుదొర 1952లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకి గెలిచాడని మా వాకింగ్ బ్యాచిలో అడిగాను. అందరూ సముద్రం కేసి చూశారు.

అక్కయ్యపాలెం అమ్మాయి, లీడ్స్

అందరికీ థాంక్స్. బాబాయిగారూ, తొట్లకొండని వచ్చే టర్ముకి దాచుకుంటాను, కోప్పడకండి. సబ్‌మెరైన్ తీసేశాను. ఒక స్లైడు మీద పిన్ని చెప్పిన అంకెలు, ఇంకోదాని మీద పితూరీ అన్న మాట, ప్రస్తుతానికి అంతే. గాజువాక అన్నా, ఆ 64 ఊళ్ళ పేర్లు ఎక్కడైనా దొరికితే పంపవా? మా నాన్నని అడిగితే ఆరు చెప్పి ఆగిపోయారు.

రాత్రి కూర్చుని లెక్క మొదలుపెట్టాను పిన్నీ. మొదటి అంకం అయింది. మధురవాణికి గీతలు పెట్టీ పెట్టీ సగం పేజీ నిండింది. సుబ్బి ఇంకా రంగం మీదకే రాలేదు.